గొళ్లెం లోపలి వైపు

మా వీధి చివరి ఇంటి అమ్మాయి ప్రత్యూషకు నేను రిటైరైన శాఖలోనే ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా ఉద్యోగం వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకొని వచ్చి, "ఆంటీ, ఇగ ఫీల్డుకు పోవాలె. ఏమేం సూస్కోవాల్నో జర చెప్పుండ్రి" అంది. ఆ రోజు ఇంటి నిండా చుట్టాలు. "తీరిగ్గా రాసిస్తాలే" అని పంపేశాను. ఆ మాట నిలబెట్టుకోవడానికే ఇది.

మా విభాగం పని సర్కారు బడులు కట్టడం, బాగుచేయడం. నేను మిర్యాలగూడలో చేరి, కోదాడ, సూర్యాపేటల చుట్టూ తిరిగి తిరిగి సూర్యాపేటలోనే దిగిపోయాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి రాలేదు, అంతే. బిల్లులు, కొలతలు, ఎస్టిమేట్లు ఆఫీసులో ఎవరో ఒకరు నేర్పుతారు. ఎవరూ నేర్పనిది బడి భద్రత. స్లాబు కూలకుండా ఎలా కట్టాలో మాకు చదువులో చెప్పారు గానీ, కట్టిన గదిలోకి ఎవరు రాగలరు, అందులోంచి ఎవరు బయటపడగలరు అన్నది చెప్పలేదు. అది నేను గోడల దగ్గరా గేట్ల దగ్గరా నిలబడి నేర్చుకున్నాను. బాగానే నేర్చుకున్నానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

ఇంకో సంగతి. నాకు కోపం త్వరగా వస్తుంది. కాంట్రాక్టర్లు నా వెనక నన్ను 'నిప్పుల మేడం' అనేవారట. ఈ రాతలో కూడా అక్కడక్కడా ఆ సెగ తగిలితే సర్దుకోవాలి.

మిర్యాలగూడ గోడ

మొదటి పోస్టింగులో నాకు అప్పగించిన వాటిలో రైసుమిల్లుల వెనక ఉన్న ఒక హైస్కూలు ఉంది. దాని ప్రహరీగోడకు ఎప్పుడూ ఒకే చోట కన్నం. మేం పూడ్చడం, ఎవరో పగలగొట్టడం. ఆ కన్నంలోంచి కుక్కలూ వచ్చేవి, పేకాట రాయుళ్లూ వచ్చేవాళ్లు. టీచర్లు పాఠం ఆపి తరిమేవాళ్లు. అప్పటి మా డీఈ గారు, అంటే నా పై ఇంజనీరు, మంచివారే గానీ ఏ రోగానికైనా ఆయన దగ్గర ఒకటే మందు. "గోడ ఇంకో రెండడుగులు లేపి, పైన గాజుపెంకులు గుచ్చు" అనేవారు. లేపాం, గుచ్చాం. కన్నం పడేది కింద కదా, పైన ఉన్న గాజుపెంకులు ఏం చేస్తాయి?

ఒక పొద్దున బడి వేళకు వెళ్లి ఆ కన్నం ఎదురుగా నిలబడ్డాను. మిల్లుల్లో హమాలీ పని చేసేవాళ్ల వాడ సరిగ్గా ఆ గోడ వెనకే ఉంది. అక్కడి పిల్లలు బడికి రావాలంటే ధాన్యం లారీల మధ్య నుంచి మెయిన్ రోడ్డు చుట్టి రావాలి, లేకపోతే కన్నంలోంచి దూరాలి. ఒక తల్లి చిన్నదాన్ని చంకన వేసుకొని, పెద్దదాన్ని కన్నంలోంచి లోపలికి నెడుతోంది. నన్ను చూసి ఏమాత్రం జంకలేదు.

"గా లారీల నడుమకెల్లి పంపమంటవా మేడమ్? నీ బిడ్డైతె పంపుతవా?" అంది.

పంపను. డీఈ గారితో అదే మాట అని, కన్నం ఉన్న చోటే చిన్న ఇనుప గేటు పెట్టించాను. బడి మొదలయ్యేటప్పుడూ విడిచేటప్పుడూ తెరుస్తారు, మిగతా పొద్దంతా లోపలి నుంచి మూసి ఉంటుంది. గోడను మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. పేకాట వాళ్లు ఆ వైపు వస్తే ఆ వాడ ఆడవాళ్లే తిట్టి తరిమేవారు, గేటు తమ పిల్లల కోసం పెట్టింది కాబట్టి. ప్రత్యూషా, గోడకు కన్నం కనబడితే సిమెంటు తెప్పించే ముందు ఆ దారిన ఎవరు నడుస్తున్నారో ఒక పూట నిలబడి చూడు.

కోదాడ తాళాలు

కోదాడ నేను పుట్టి పెరిగిన ఊరు. అక్కడికి బదిలీ అయ్యాకే తెలిసింది, మన సర్కారు బడుల్లో అన్నిటికన్నా గట్టి భద్రత మరుగుదొడ్లకే అని. కంప్యూటర్ల గదికి వేలెడంత తాళం, ఆడపిల్లల మరుగుదొడ్డికి పిడికిలంత తాళంకప్ప. ఇదేమిటని ఒక హెడ్మాస్టారును అడిగాను.

ఆయన నవ్వుతూ, "ఏం చేయమంటారు మేడం, సాయంత్రాలు బయటోళ్లొచ్చి పాడు చేస్తన్నారు. అందుకే పగలు కూడా వేసే ఉంచుతున్నాం" అన్నారు.

"సాయంత్రం వచ్చేవాళ్ల కోసం పగలంతా పిల్లల్ని బిగబట్టుకొని కూర్చోమంటారా?"

"తాళంచెవి నా దగ్గరే ఉందిగా, అడిగితే ఇస్తాను."

పన్నెండేళ్ల పిల్ల స్టాఫ్‌రూముకు వచ్చి, అంతమంది మగ మాస్టార్ల ముందు ఆ తాళంచెవి అడుగుతుందా? నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత నేను మాట్లాడినవి ఇక్కడ రాయదగినవి కావు. ఆ గదుల చుట్టూ సాయంత్రం మూసుకునే జాలీ గేటు పెట్టించి, తలుపులకున్న తాళాలన్నీ నా ఎదుటే తీయించాను. తాళం వేయడం మా వృత్తిలో అన్నిటికన్నా తేలిక పని. అది ఎవరిని ఆపుతోందో చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ సంగతి కోదాడలో నాకు సగమే అర్థమైంది. మిగతా సగం నేరేడుచర్ల అవతల అర్థమైంది.

ఇసుక కుప్ప

నేను డీఈగా ఉన్న రోజుల్లో, నేరేడుచర్ల దాటి కొంత దూరం పోయాక, వరి పొలాల మధ్య ఒక బాలికల రెసిడెన్షియల్ బడి నా కింద ఉండేది. వంద మందికి పైగా ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. తిరుమలగిరి వైపు మెట్ట ఊళ్ల నుంచి, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరి నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. ఒక వానాకాలం ఎవడో వెనక గోడ దూకి వచ్చి, వంటగదిలోని గంగాళాలు, బోరు మోటారు వైరు ఎత్తుకుపోయాడు. పిల్లల జోలికే పోలేదు. కానీ ఆ కబురు ఊళ్లకు చేరేసరికి, మగవాడు పిల్లల గదిలోకి దూరాడని మారిపోయింది. తండ్రులు ఆటోలు మాట్లాడుకొని వచ్చి పిల్లలను తీసుకుపోవడం మొదలుపెట్టారు.

మా డివిజను పెద్ద ఈఈ గారు. ఆయన ఫోనులోనే హుకుం జారీ చేశారు. వెనక తలుపు వెల్డింగు పెట్టి మూసేయాలి. వరండా మొత్తానికి గ్రిల్లు బిగించాలి. గ్రిల్లుకు ముందు తలుపు ఒక్కటే ఉండాలి, దానికి వాచ్‌మన్ బయటి నుంచి తాళం వేయాలి. నేను ఆదివారం పొద్దున వెళ్లేసరికే గ్రిల్లు బిగింపు అయిపోయింది, వెల్డర్ జానీ వెనక తలుపుకు ఇనుప పట్టీలు అంటించేశాడు. ప్రిన్సిపాల్ విజయమ్మ గారు అది చూసి కొంచెం కుదుటపడ్డట్టు కనిపించారు. పాపం, దొంగతనం జరిగినప్పటి నుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదు.

అప్పుడే వచ్చాడు లింగయ్య. తిరుమలగిరి దగ్గర పల్లె, గొర్లు కాసుకొని బతికే కుటుంబం. కూతురు మమత తొమ్మిదో తరగతి. లెక్కల్లో ఆ పిల్లను మించినవాళ్లు బడిలో లేరని విజయమ్మ గారు చెప్పారు. వాళ్లింట్లో అంత దాకా చదివిన మొదటి మనిషి ఆ పిల్లే. ఇప్పుడు తండ్రి తీసుకుపోతే మంద వెనక నడవడమే, మళ్లీ బడి ముఖం చూడదు. అది మమతకూ తెలుసు. పెట్టె సర్దుకొమ్మని తండ్రి చెప్పినా సర్దకుండా వరండా స్తంభం పట్టుకొని నిలబడింది. ఆ పిల్లను చూసిన క్షణమే, ఏమైనా సరే దీన్ని ఇక్కడే ఉంచాలని నాకు పట్టుదల వచ్చింది.

"ఎందుకు లింగయ్యా, బంగారం లాంటి చదువు ఆపేసి తీసుకుపోతావు?" అన్నాను.

"గట్లంటవేంది మేడమ్? దొంగలు పడ్డంక ఆడపిల్లను ఎట్ల ఇడిసిపెడ్త?"

నేను విజయమ్మ గారితో పాటు అతన్ని, వరండాకు దగ్గర్లోనే ఉన్న వెనక గోడ దగ్గరికి తీసుకుపోయాను. దొంగ వచ్చిన దారి ఎవరైనా చెప్పగలరు. మా కాంట్రాక్టరు వదిలేసిపోయిన ఇసుక కుప్ప గోడకు సగం ఎత్తు దాకా ఆనుకొని ఉంది. దాని మీద కాలు పెడితే నా వయసువాళ్లు కూడా గోడ దాటొచ్చు. పక్కనే లైటు స్తంభం ఉంది, దానికి బల్బు లేదు.

"ఈ కుప్ప తీయిస్తాను. గోడ లేపిస్తాను, లైటు వెలిగిస్తాను. కానీ ఆ వెనక తలుపు మళ్లీ తెరిపిస్తాను. గొళ్లెం లోపలి వైపు పెట్టిస్తాను. బయటివాడు రాలేడు, లోపల ఉన్న పిల్లలు ఆపద వస్తే బయటపడగలరు" అని చెప్పాను.

లింగయ్య కుప్ప వైపు చూడనే లేదు. తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. కూతురికి వినపడదనుకొని గొంతు తగ్గించి అన్నాడు: "దొంగ ముచ్చట సరే మేడమ్. గొళ్లెం లోపటుంటె పిల్ల ఎప్పుడంటె అప్పుడు తీస్తది గద? బయటికెల్లి ఎవడన్న పిలిస్తె?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆ పట్టీలు దొంగ కోసం అంటించినవి కావు. విజయమ్మ గారు నేల చూపులు చూస్తున్నారు, ఆవిడ మనసులోనూ అదే ఉంది. ఫోనులో హుకుం ఇచ్చిన మా ఈఈ గారి మనసులోనూ అదే. స్తంభం దగ్గర ఉన్న మమతకు ఆ మాట వినపడనే వినపడింది. ఆ పిల్ల తల దించుకుంది.

మొలతాడుకు తాళంచెవి

పిల్ల పడుకునే గది చూపిస్తానని విజయమ్మ గారు లింగయ్యను లోపలికి పిలిచారు. నేనూ వెళ్లాను. ఆదివారం కాబట్టి పిల్లలంతా లోపలే ఉన్నారు. వాచ్‌మన్ సైదులుకు ఇంజనీరు వచ్చిందన్న హుషారు. మేం లోపలికి పోగానే, కొత్త పద్ధతి ఎంత బాగా పాటిస్తున్నాడో చూపించాలని, గ్రిల్లుకు బయటి నుంచి తాళం వేశాడు. వేసి ఊరుకోలేదు. వంటామె కొత్తిమీర తెమ్మందని షేరాటో ఎక్కి నేరేడుచర్ల పోయాడు.

తాళంచెవి ఎక్కడుంది? మొలతాడుకు కట్టుకున్నాడు. మన దగ్గర మగవాళ్లు ముఖ్యమైన తాళంచెవి ఏదైనా కట్టుకునేది అక్కడే. జారిపోదు, ఎవరూ కొట్టేయలేరు, స్నానం చేసినా ఒంటి మీదే ఉంటుంది. సైదులు జాగ్రత్తలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే తాళం మా దగ్గర ఉంది, తాళంచెవి నేరేడుచర్ల కూరగాయల మార్కెట్లో ఉంది.

వరండా చివరే వంటగది. వంటామె పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తుంటే మూకుడు మాడింది. ఆ ఘాటు గాలివాటున నేరుగా మా మీదికి వచ్చింది. ముందు ఇద్దరు ముగ్గురు దగ్గారు, ఆ తర్వాత అందరూ. చిన్న క్లాసుల పిల్లలు ఏడుస్తూ గ్రిల్లు దగ్గరికి ఉరికారు. వెనకవాళ్లు నెడుతుంటే ముందువాళ్లు ఇనుప చువ్వలకు ఒత్తుకుపోయారు. విజయమ్మ గారు "సైదులూ, సైదులూ" అని గొంతు పోయేలా అరుస్తున్నారు. లింగయ్య వెనక తలుపు దగ్గరికి పరుగెత్తి భుజంతో గుద్దాడు. జానీ పని గట్టిది, పట్టీలు కదల్లేదు. మళ్లీ గ్రిల్లు దగ్గరికి వచ్చి రెండు చేతులతో ఊపాడు.

"ఎవలన్న ఉన్నరా! తియ్యుండ్రి! పోరగాండ్లు సస్తరు!"

నేను చిన్నపిల్లలను చువ్వల దగ్గరి నుంచి పక్కకు లాగి, కుండలోని నీళ్లతో చున్నీలు తడిపించి ముక్కులకు అడ్డం పెట్టించాను. భయం వేసిందా అంటే వేసింది. ఇది మిరపకాయల ఘాటు, ఇదే నిజంగా మంట అయితే?

చెట్టు కింద అన్నం తింటున్న జానీ ఎంగిలి చేత్తోనే సుత్తి అందుకొని పరుగున వచ్చాడు. రెండు దెబ్బలు వేశాడు. తాళంకప్ప ఊడి కింద పడింది.

అందరం బయటపడి బోరింగు దగ్గర కళ్లు కడుక్కున్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. వంటామె బెదిరిపోయి ఓ మూల కూర్చుంటే, ఆమెను ఎవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదని చెప్పాను. తర్వాత ఆ తాళంకప్ప తెచ్చి లింగయ్య చేతిలో పెట్టాను.

"చూడు లింగయ్యా. బయట ఉన్నవాడికి ఇది రెండు దెబ్బల పని. లోపల ఇంతమందిమి ఉండి మనం ఏం చేయగలిగాం?"

 అతను తాళం కింద పెట్టి, తలగుడ్డ తీసి కూతురి ముఖం తుడిచాడు. నేను గెలిచాననే అనుకున్నాను. తుడవడం అయ్యాక, "పెట్టె తే బిడ్డా, పోదాం" అన్నాడు. లోపలికి పోయి పెట్టె తెచ్చుకుంటున్నంతసేపూ మమత నా వైపు చూడలేదు.

"తలుపు చేయించి కబురు పెడతాను. వచ్చి నీ కళ్లతో చూసుకో. నచ్చకపోతే పెట్టె దించకు" అన్నాను.

"సూద్దాం తియ్ మేడమ్" అని వెళ్లిపోయాడు.

మా పెద్దసారు

ఆ సాయంత్రమే ఈఈ గారికి ఫోను చేశాను. ఆయన లంచగొండి కాదు, సోమరి కాదు. భయస్థుడు, అంతే. మా శాఖలో నేను చూసిన చెడ్డ నిర్ణయాల్లో ఎక్కువ భాగం దొంగబుద్ధితో తీసుకున్నవి కావు, భయంతో తీసుకున్నవే.

"గొళ్లెం లోపల పెట్టినంక రేపు ఏ పిల్లన్న ఎల్లిపోతే పేపర్ల నీ పేరొస్తది, నా పేరొస్తది. ఎందుకమ్మా మనకు ఈ పరేషాన్?" అన్నారు.

"అయితే వంద మంది ఆడపిల్లలున్న భవనానికి వెనక తలుపు పనికిరాకుండా మూసేయమని మీరే రాసి, సంతకం పెట్టి పంపండి సార్. పట్టీలు అలాగే ఉంచేస్తాను."

అటు నుంచి దగ్గు వినపడింది.  చివరికి, "నీ ఇష్టం. నాకైతే నువ్వు చెప్పలేదు, నేను వినలేదు" అని పెట్టేశారు. నాకు అదే చాలు. ప్రత్యూషా, ఫోనులో ఎంత గట్టిగా గర్జించినవాళ్లైనా కాగితం అడిగితే మెత్తబడతారు. దీన్ని అవసరమైనప్పుడే వాడు, అస్తమానం వాడితే పదును పోతుంది.

జానీతోనే పట్టీలు కోయించాను. పాత చెక్కతలుపు తీసేసి మందపు ఇనుప రేకు తలుపు పెట్టించాను. దానికి బయటి వైపు పిడి లేదు, తాళం వేసే చోటు లేదు, వేలు దూరే సందు లేదు. లోపలి వైపు పొడుగాటి గొళ్లెం, ఆరో తరగతి పిల్ల చేతికి అందే ఎత్తులో. తలుపు తెరిస్తే వార్డెను గదిలో గంట మోగేలా తీగ లాగించాను, పిల్లలకు ఏదో అవసరం పడిందని పెద్దవాళ్లకు వెంటనే తెలియాలి కదా. ఆడపిల్లల మీద నమ్మకం లేక పెట్టారా అని విజయమ్మ గారు అడిగితే, మంట వచ్చినా మోగేది అదే గంట అని చెప్పాను. గ్రిల్లుకు కూడా గొళ్లెం లోపలికి మార్పించాను. తాళం వేయాల్సింది కాంపౌండు గేటుకు మాత్రమే. దాని రెండో తాళంచెవి ప్రిన్సిపాల్ గదిలో మేకుకు వేలాడాలన్నాను. సైదులు చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, తన మొలతాడు మీద నాకు నమ్మకం లేదని అలక.

ఇసుక కుప్ప కాంట్రాక్టరు చేతనే ఎత్తించాను. నిప్పుల మేడం అన్న పేరు ఆ రోజు బాగా పనికొచ్చింది. గోడ లేచింది, లైటు వెలిగింది. నెలకోసారి గంట కొట్టి పిల్లలందరినీ రెండు తలుపుల్లోంచి బయటికి నడిపించే అలవాటు కూడా పెట్టాం. మొదటిసారి అదేదో ఆటనుకొని ఒకటే నవ్వులు. నాలుగోసారికి చిన్నపిల్లల చేతులు పెద్దపిల్లలు పట్టుకొని, మాట్లాడకుండా బయటికి వచ్చి వరసలో నిలబడ్డారు.

ఇప్పుడు బడి భద్రత అనగానే అందరూ సీసీ కెమెరా అంటున్నారు. పెట్టుకోండి, నేను వద్దనను. కానీ కెమెరా బిగించే ముందు గోడ చుట్టూ ఒకసారి నడిచి, గోడకు ఆనించి ఏముందో చూడండి. తర్వాత లోపలికి పోయి, తలుపులన్నీ మూయించుకొని, మీ చేత్తో మీరే తెరుచుకొని బయటికి రండి. రాలేకపోతే ఆ భవనం తయారు కానట్టే.

మమత పెట్టె

కబురు పంపాక చాలామంది తండ్రులు వచ్చి చూసుకొని పిల్లలను దింపి వెళ్లారు. లింగయ్య రాలేదు. విజయమ్మ గారు అటెండెన్సులో మమత పేరు కొట్టేయకుండా ఉంచారు. నేను ఏదో ఒక పని కల్పించుకొని ఆదివారాలు అటు వెళ్లేదాన్ని. ఒక్క పిల్ల కోసం ఇంత ఆరాటమా అని మా ఆయన ఎగతాళి చేసేవారు. అవును, ఆ ఒక్క పిల్ల కోసమే. ఆ పిల్ల రాకపోతే నేను పెట్టించిన తలుపు చూసి నాకు సంతోషం ఉండేది కాదు.

ఒక ఆదివారం వచ్చాడు. ఆటోలో మమత, పక్కన ట్రంకుపెట్టె. పిల్ల దిగింది గానీ, "పెట్టె దించకు, జర ఆగు" అని డ్రైవరుకు చెప్పి, అతను నేరుగా భవనం వెనక్కి నడిచాడు. ఇసుక కుప్ప ఉన్న చోటు చూశాడు, గోడ పైదాకా చూశాడు.  తలుపు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"లోపటికి పో బిడ్డా. ఏస్కో."

మమత ముందు వైపు నుంచి తిరిగి లోపలికి వెళ్లి గొళ్లెం వేసింది. లింగయ్య అరచేత్తో తోశాడు. భుజం ఆనించి తోశాడు. రెండడుగులు వెనక్కి వేసి బలమంతా పెట్టి గుద్దాడు. చేతికర్ర మొనతో తలుపు అంచున గెలికి చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది గానీ తలుపు కదల్లేదు. నేను పక్కనే ఉన్నాను, నోరు తెరవలేదు. నా జీవితంలో నేను నోరు మూసుకొని నిలబడ్డ సందర్భాలు చాలా తక్కువ.

"తియ్యి బిడ్డా" అన్నాడు.

గొళ్లెం జరిగింది, వార్డెను గదిలో గంట మోగింది, తలుపు తెరుచుకుంది. మమత గడప లోపల నిలబడి ఉంది, చెయ్యి ఇంకా గొళ్లెం మీదే ఉంది. లింగయ్య ఆ చేతి వైపు చూశాడు. ఆ రోజు నా దగ్గర గొంతు తగ్గించి అడిగిన ప్రశ్న, ఇప్పుడు కూతురినే అడిగాడు.

"ఎవలన్న పిలిస్తె తీస్తవా?"

ఆ పిల్ల ఈసారి తల దించుకోలేదు.

"మంట లేస్తె తీస్త. నువ్వు పిలిస్తె తీస్త." కొంచెం ఆగి మళ్లీ అంది: "ఇగ పో నాయినా, గొర్లకాడ ఎవలు లేరు. నేను ఏస్కుంట."

అని తండ్రి ముఖం మీదే తలుపు మూసింది. లోపల గొళ్లెం పడ్డ చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది.

 లింగయ్య ఆటో దగ్గరికి నడిచి, డ్రైవరును చెయ్యి వేయనీయకుండా పెట్టె తనే దించి నెత్తిన పెట్టుకున్నాడు.